గేటు మీద పసుపు గుడ్డ

ఆ శనివారం పొద్దున ఫోల్కె వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందుగది చెక్కనేలకు అవిసెనూనె పట్టించాలి. మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు కూతురు మాలిన్ వచ్చేసరికి ఇల్లు తళతళలాడాలి. అది చూస్తే, వెక్షో పట్టణంలో తన కోసం చూసిపెట్టిన వృద్ధుల ఫ్లాటు మాట ఆమె మర్చిపోతుందని ఆయన ఆశ.

ఫోన్లో మాలిన్‌ది ఒకటే పాట. "నాన్నా, ఆ ఊరికి పోయి రెండేళ్ళయింది. ఒక్కరైనా నీ గడప తొక్కారా? కాలుజారి పడితే చూసే దిక్కుండదు. శనివారం వస్తా, అటో ఇటో తేల్చేద్దాం."

నిజంగానే ఎవరూ గడప తొక్కలేదు. ఫోల్కెకు మనుషులంటే ఇష్టమే, మాటే పెగలదు. సోంపు వేసిన రొట్టె ఆయనకు పడదు. కానీ మొదటిరోజు దుకాణంలో అదే చేతిలో పెట్టారు, కాదనలేక ఇప్పటికీ అదే తింటున్నాడు.

బల్ల, కుర్చీలు, సొరుగుల బీరువా, పింగాణి సామాను అన్నీ మోసుకొచ్చి ఇంటిముందు గడ్డిలో పెట్టాడు. నేలకు నూనె రాశాడు. నూనెగుడ్డను ఉండచుట్టి పడేస్తే దానంతటదే నిప్పంటుకుంటుంది కనుక, విప్పి గేటు మీద ఆరేశాడు. గుడ్డ పసుపుపచ్చది.

ఆ రోజు ఊరంతా పాతసామాన్ల అమ్మకం. ఏటా మే నెలలో ఒక శనివారం, అక్కర్లేనివన్నీ వాకిట్లో పెట్టి అమ్ముతారు. అమ్మే ఇంటికి గుర్తు, గేటుకు పసుపు గుడ్డ. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరితోనూ మాట్లాడని ఫోల్కెకు తప్ప.

మొదట వచ్చింది రెండిళ్ళ అవతల ఉండే రాగ్నా. "అయ్యో ఫోల్కెగారూ, మీరూ పెట్టారా! ఎంత సంతోషం! ఈ కుర్చీలెంత?"

"అవి... నేల ఆరాక..."

"ఆరేదాకా ఎందుకండీ, ఇప్పుడే పట్టుకుపోతా. జత వందకిస్తారా?"

ఫోల్కె నోరు తెరిచాడు. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆయన నోరు మూసుకున్నాడు. రాగ్నా నోటును ఖాళీ నూనెడబ్బాలో వేసి, కుర్చీలు చెరో చేత పట్టుకుని వెళ్ళింది.

తర్వాత రిటైరైన పోస్ట్‌మాన్ తూరె వచ్చాడు. ఏ పింగాణి కనబడ్డా తిరగేసి అడుగున ముద్ర చూడనిదే వదలడు. గరిటెలు పెట్టుకునే ఆకుపచ్చ కూజాను తిరగేశాడు. "హుఁ" అన్నాడు. ఎందుకో గడియారం చూసుకున్నాడు. ఇరవై క్రోనాలు డబ్బాలో పడేసి, కూజాను గుండెకు హత్తుకుని పరుగు లంకించుకున్నాడు.

తూరె పరుగెత్తగా ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఉత్తరాలు పంచే రోజుల్లో కుక్కలు తరిమినా నడిచే వెళ్ళేవాడు.

"ఏం దొరికిందట?"

"పాత పింగాణి."

"ఉత్త పాతదైతే తూరె పరుగెడతాడా? రాజుగారి వంటింటిది!"

మాట చర్చి దగ్గరికి చేరేసరికి ఫోల్కె తాత జమీందారైపోయాడు. "ఆయన ఎవరితోనూ మాట్లాడకపోతుంటే గర్వమనుకున్నాం. కాదర్రా, అది వంశం!"

ఇంకేముంది, గేటు ముందు జనం వరుసకట్టారు. బల్ల వెళ్ళింది. బీరువా వెళ్ళింది. "ఇది అమ్మడానికి..." అని ఫోల్కె మొదలుపెడితే, "మనసొప్పడం లేదు పాపం, ఇంకో యాభై వెయ్యండి!" అన్నారు వెనకనుంచి. నేలకు నూనె రాసిన కుంచెను ఒకామె కాగితంలో భద్రంగా చుట్టుకుంది. చివరికి ఆయన కూర్చున్న ముక్కాలిపీట మీద కూడా కన్నుపడింది. "కాస్త లేస్తారా? ఆఁ, ఇక మీరు కూర్చోండి... అయ్యో, పీట నేనే కొన్నాను కదూ!"

రెండు గంటల బస్సు దిగి మాలిన్ వచ్చింది. జనాన్ని తప్పించుకుని, బోసిపోయిన ఇంట్లోకి తొంగిచూసింది. ఆమె కళ్ళు చెమర్చాయి.

"నాన్నా! అన్నీ అమ్మేశావా! అంటే ఫ్లాటుకు వచ్చేస్తున్నావన్నమాట! నిన్నెలా ఒప్పించాలా అని దారంతా మాటలు కూడబలుక్కున్నా. ఉండు, ఖాయం చేసుకోమని వాళ్ళకిప్పుడే చెప్పేస్తా." ఫోను తీసి చెవికి పెట్టుకుంది.

కూతురి ముఖమూ వెలిగిపోతోంది. వెలిగే ముఖానికి కాదని చెప్పడం ఫోల్కె వల్ల ఎన్నడూ కాలేదు. ఫోను అవతల మోగడం ఆయనకు వినబడుతోంది.

"వద్దు!"

ఆ కేకకు ఆయనే ఉలిక్కిపడ్డాడు. వరుసలోని తలలన్నీ ఇటు తిరిగాయి. ఒక మాట బయటపడ్డాక మిగతావి ఆగలేదు. "నేను రాను! నేనేదీ అమ్మలేదు. నేల ఆరాలని బయట పెట్టుకున్నా. అది ఉత్త నూనెగుడ్డ. నాకీ ఊరే బాగుంది. సోంపు రొట్టె మాత్రం అస్సలు బాగుండదు!"

"ఆ మాట పొద్దున్నే చెప్పొచ్చుగా!" అంది రాగ్నా.

"నువ్వు చెప్పనిస్తేగా," అన్నారెవరో. రాగ్నా ముఖం ఎర్రబడింది. గబగబా ఇంటికెళ్ళి కుర్చీలు తెచ్చింది.

పొద్దున పాకినంత వేగంగానే ఈ వార్తా పాకింది. బల్ల తోపుడుబండి మీద వచ్చింది. బీరువా కొన్నావిడ, సొరుగు వెనక ఇరుక్కున్న కళ్ళజోడు కూడా తెచ్చిచ్చింది. పోయిన శీతాకాలం ఫోల్కె ఇల్లంతా వెతికింది దానికోసమే. తూరె కూజా పట్టుకొచ్చాడు. "దీనికి ముద్రే లేదండీ, అందుకే హుఁ అన్నా. పొయ్యి మీద బంగాళాదుంపలు పెట్టొచ్చానని గుర్తొచ్చి పరుగెత్తా."

సిగ్గుపడి వచ్చేవాళ్ళు ఉత్త చేతులతో రారు. దాల్చినచెక్క బన్నులు, కాఫీ ఫ్లాస్కులు, రొట్టె దుకాణం ఆవిడ నుంచి సోంపులేని రొట్టె వచ్చాయి. నేల ఇంకా తడిగానే ఉంది, సామాను లోపల పెట్టే వీల్లేదు. గడ్డిలోనే బల్ల వేసి అందరూ కూర్చున్నారు.

మాలిన్ రాగ్నా వైపు వంగి మెల్లగా అడిగింది: "ఇక్కడికి రోజూ ఇలాగే వస్తుంటారా?"

"రోజూ అంటే... ఇక నుంచి," అంది రాగ్నా, ఫోల్కె కప్పులో కాఫీ పోస్తూ.

మాలిన్ ఫోను సంచిలో పడేసింది. "సరేలే నాన్నా. ఫ్లాటు వద్దని చెప్పేస్తా."

పొద్దువాలేసరికి ఫోల్కె సామానంతా తిరిగి వచ్చింది. తెచ్చినవాళ్ళు మాత్రం ఇంకా తిరిగి వెళ్ళలేదు.