వాషరుకీ గేర్‌బాక్సుకీ ఒకటే ధర

“నేరస్థుడెవడూ నా కళ్ళుగప్పి పోలేడు బావా. ఎందుకంటే నేను రెప్ప వెయ్యను!” అని ప్రకటించాడు బావమరిది. వెంటనే కంట్లో దుమ్ము పడి, రెండు కళ్ళూ మూసుకుని కౌంటరు అంచు తడుముకున్నాడు.

కార్ల షోరూములో విడిభాగాలమ్మే గుమాస్తా నిట్టూర్చాడు. “ఇప్పుడెందుకొచ్చావు?”

“అక్క ఏదో కనిపెట్టి రమ్మంది. చిన్న కేసులెండి, తర్వాత చూద్దాం. ముందు ఈ హత్య సంగతి చెప్పండి.”

“హత్య కాదు. ధరలు తప్పాయి.”

“ధరల హత్య!” అని నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

కొత్త సాఫ్ట్‌వేరులో ధరల నియమాలు పెట్టింది గుమాస్తాయే. చవక సామానుకు ఎక్కువ లాభం, ఖరీదైనదానికి తక్కువ. ఆర్నెల్లుగా మాట పడలేదు. ఈ ఉదయం మాత్రం చొక్కా గుండీ అంత వాషరూ, ఇద్దరు మోయాల్సిన గేర్‌బాక్సూ ఒకటే ధర చూపిస్తున్నాయి: తొంభై తొమ్మిది. ఒక మెకానిక్కు అప్పుడే మహదానందంగా నాలుగు గేర్‌బాక్సులు అడుగుతున్నాడు.

“పన్నెండులోపు సరిచెయ్యి. లేకపోతే రేపటినుంచి గోడౌన్లో టైర్లు మోసుకో,” అని మేనేజరు ఒక్క మాటతో తేల్చేశారు.

బావమరిది గుమాస్తా ముఖంలో ముఖం పెట్టాడు. “నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?”

“ఇక్కడే.”

“నేరస్థలంలోనే! మరి ఆ చెమటలేమిటి?”

“ఫ్యాను ఆపింది నువ్వే కదా!”

“వేలిముద్రలు ఎగిరిపోవూ?”

తప్పు చెయ్యని మనిషిని కూడా నాలుగు ప్రశ్నలడిగితే, లోపల ఎవడో లేచి చేతులు కట్టుకుని నిలబడతాడు. గుమాస్తాలోనూ నిలబడ్డాడు. నేనే చేశానా? తన నియమాలను మళ్ళీ చదివాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

బావమరిది సంచిలోంచి పౌడరు డబ్బా తీసి కీబోర్డు నిండా గుమ్మరించాడు. ఊదబోయి తుమ్మాడు. ఆ ఊపుకి నుదురు వెళ్ళి కీబోర్డుకి కొట్టుకుంది. తెరమీది నియమాల జాబితా గిర్రున తిరిగి మొట్టమొదటి వరుస దగ్గర ఆగింది. గుమాస్తా ఎన్నడూ అంత పైకి వెళ్ళలేదు.

ఆ వరుసలో ఇలా ఉంది: “పరీక్ష కోసం. అన్ని సామాన్లకూ తొంభై తొమ్మిది. తర్వాత తీసెయ్యాలి.”

రాసింది తనే, ఈ సాఫ్ట్‌వేరు నేర్చుకున్న మొదటి రోజున. ఎవరికీ హాని జరగకూడదని ఆర్నెల్ల తర్వాతే అమలయ్యేలా తేదీ వేసి మరిచిపోయాడు. ఆ తేదీ ఈరోజే. పై నియమం సరిపోతే చాలు, సాఫ్ట్‌వేరు కిందవాటి జోలికి పోదు.

తీసేశాడు. గేర్‌బాక్సు ధర ఎగబాకింది, మెకానిక్కు ముఖం దిగజారింది. పన్నెండుకి ఇంకా ఐదు నిమిషాలున్నాయి.

“చూశారా, తల వాడితే ఎలా ఉంటుందో!” బావమరిది నుదురు రుద్దుకున్నాడు. “అవునూ, ఈ తేదీనే ఎందుకు వేశారు?”

“ఏమో. చేతికి అదే వచ్చింది.”

“ఎక్కడో విన్నానే... ఆఁ, మీ పెళ్ళిరోజు!”

గుమాస్తా నాలుక కరుచుకున్నాడు. తను మరిచిపోయినదాన్ని వేళ్ళు గుర్తుపెట్టుకున్నాయి.

“అక్క కనిపెట్టమన్నది కూడా అదే బావా! మీకు గుర్తుందో లేదో చూసి రమ్మంది.”

“మరి... ఏం చెప్తావు?” గొంతు వాషరంత అయిపోయింది.

బావమరిది గంభీరంగా నోట్‌బుక్కు మూశాడు. “చెప్పేదేముంది? ఆర్నెల్ల ముందే కంప్యూటర్లో రాసి పెట్టుకున్నారని! నా పరిశోధనకు తిరుగులేదు.”

గుమాస్తా మొదటిసారి అతనితో వాదించలేదు. కృతజ్ఞతతో లేచి ఫ్యాను వేశాడు. కీబోర్డు మీది పౌడరంతా లేచి ఇద్దరి ముఖాల మీదా పడింది.