అటకెక్కలేక అంగారకుడికి

నవ్వనంటేనే చెబుతాను. నేను ఒక పూటంతా అంగారకుడి మీద ఉండి వచ్చాను.

మా అమ్మాయికి సోమవారం బడిలో వాదన పోటీ. మనుషులు ముందు చంద్రుడి మీద కాపురం పెట్టాలా, తిన్నగా అంగారకుడికే పోవాలా అన్నది విషయం. ఏ పక్షం పట్టాలో తేలక పిల్ల రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు.

"తిన్నగా అంగారకుడికే! మధ్యలో మజిలీలు పిరికివాళ్లకి," అన్నాను.

"ముందు చంద్రుడే," అంది మా ఆవిడ. "దగ్గరైతే, ఏదన్నా విరిగితే ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. అయినా మీరు ముందు ఆదివారం అటక దులపండి. గ్రహాల సంగతి తర్వాత."

అటక! నాలుగు నెలలుగా దానికి మొహం చాటేస్తున్నాను. ఠక్కున ఉపాయం తట్టింది.

"అమ్మడూ, ఆదివారం మేడమీది గదే అంగారకుడు. నేను అక్కడ ఉండి చూపిస్తా. పోటీలో మా నాన్నే సాక్ష్యం అని చెప్పెయ్."

నియమాలు కూడా నేనే రాశాను. ఫోను ఉండదు. ఏ మాటైనా చేరడానికి ఇరవై నిమిషాలు, జవాబుకి మరో ఇరవై. అంత దూరంలో ఉన్నవాణ్ని అటక దులపమని ఎవరు పిలుస్తారు?

ఆదివారం పొద్దున్నే దిండు, బిస్కెట్లు, చెంబెడు నీళ్లతో బయల్దేరాను. చెంబు ఖాళీ చేసి, హాయిగా గుర్రు పెట్టాను. లేచేసరికి అర్జెంటుగా కిందికి వెళ్లాల్సిన అవసరం పడింది. అంగారకుడి మీద బాత్రూం లేదు. తలుపు పిడి తిప్పాను. ఊడి చేతిలోకి వచ్చింది.

నా వృత్తేమో తాళాలు బాగుచేయడం. ఊరందరి తలుపులూ తెరుస్తాను. ఆ పిడి బిగించమని ఆవిడ చెప్పి నాలుగేళ్లయింది. పనిముట్ల సంచీ కింద ఉంది.

"అమ్మడూ! తలుపు తియ్యి!"

అవతల చిన్న అడుగుల చప్పుడు. జవాబు లేదు. కాళ్లు పెనవేసుకుని గదంతా గెంతాను. సరిగ్గా నలభై నిమిషాలకి తలుపు కింద నుంచి చీటీ జారింది.

"ఏ తలుపు? వివరంగా రాయి నాన్నా."

పరువు వదిలేశాను. "ఇది అంగారకుడు కాదే తల్లీ! చంద్రుడే, చంద్రుడే!"

"చంద్రుడైతే మాట చేరడానికి సెకను మీద కాస్తంతే," అన్న ఆవిడ గొంతు వినిపించింది. వెంటనే తలుపు తెరుచుకుంది.

మెట్టు మీద ఆవిడ సగం ఒలిచిన చిక్కుళ్ల పళ్లెం, పక్కన నా పనిముట్ల సంచీ ఉన్నాయి.

"ఎప్పట్నుంచి ఇక్కడున్నావు?"

"మీరు తలుపేసుకున్నప్పట్నుంచే. ఆ పిడి సంగతి నాకు తెలీదా? మీరు అంత దూరం పోతే నేను చంద్రుడి దాకానైనా రావద్దూ?"

నిజం చెబుతున్నాను, నా కళ్లు చెమర్చాయి. కానీ నిలబడి ఏడ్చే తీరిక లేదు. పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి అమ్మాయి రెండోసారి వడ్డించుకుని తింటోంది. "నాన్నా, నేను చంద్రుడి పక్షం. ఇదంతా పోటీలో చెప్పుకోవచ్చా?"

"చెప్పుకో," అన్నాను. ఇంకేమంటాను?

అప్పటికే అటకకి నిచ్చెన వేసి ఉంది. చీపురు నా చేతికిచ్చి, ఆవిడ నిచ్చెన కాళ్లు గట్టిగా పట్టుకుంది.

"ఎక్కండి. భయం లేదు, దగ్గర్లోనే ఉన్నాగా."