నమూనా దరఖాస్తు

బడి వదిలిన పిల్లలు తిన్నగా బతుకులోకి నడవాలంటే జిల్లాలోని హైస్కూళ్లన్నిటికీ ఒకే కొలత ఉండాలని అరవై రెండులో పెద్దలు కనిపెట్టారు. అంతవరకూ జనం ఎలా బతికారో పాపం వాళ్లకు తెలియదు. ఆ కొలతల్లో ఏడోది: ఎస్సెల్సీ పిల్లలందరూ ఉద్యోగానికి దరఖాస్తు స్వయంగా రాసి పోస్టు చేయాలి.

చిన్నపాలెం హైస్కూలు ఇన్‌చార్జి హెడ్మాస్టరు సంజీవరావుకు ఆ సోమవారం పొద్దున ఇదే ధ్యాస. శుక్రవారం ఇన్‌స్పెక్టరు వస్తాడు. మంచి రిపోర్టు రాస్తే పదవి ఖాయం. లేకపోతే మళ్లీ ఎలిమెంటరీ బడికి పోయి ఒకటో తరగతి పిల్లల ముక్కులు తుడవాలి.

"ఒకే కొలత అన్నారు గదా. అందరూ ఒకటే రాస్తే సరి," అన్నాడు భార్య ఎలిశబెతుతో.

"చదివేవాళ్లకు విసుగు రాదా?"

"స్టాండర్డంటే ఏందో నీకు తెలవదులే. కాఫీ పొయ్."

పన్నెండేళ్ల కిందట తనకు ఉద్యోగం తెచ్చిపెట్టిన దరఖాస్తునే బోర్డు మీద రాశాడు: "నా తండ్రి ఇటీవల హఠాత్తుగా కాలధర్మము చెందినందున కుటుంబ భారము నాపై పడినది..."

"మా నాయన బతికే ఉండాడు సార్," అంది పుష్పకుమారి.

"బోర్డు చూసి రాయి."

ఆ బడిలో బోర్డుకు తిరుగులేదు. చుక్క తప్పితే బెత్తం. ముప్పై ఎనిమిది మందీ ఉన్నదున్నట్టు దించి, కింద తమ పేరూ తండ్రి పేరూ రాసి, గుమాస్తా కావాలన్న బుచ్చిరెడ్డిపాలెం రైసుమిల్లుకు పంపారు.

మిల్లు యజమాని పద్మనాభయ్య బుధవారం కట్ట విప్పాడు. పది చదివేసరికి కళ్లు చెమ్మగిల్లాయి. ఇరవై దాటేసరికి ఒళ్లంతా చెమటలు పట్టాయి.

"ఒక్క ఊళ్లో ఇన్ని చావులా? ఇది కలరానే," అని కట్టతో సహా ఆరోగ్యశాఖ వాళ్ల దగ్గరికి పరిగెత్తాడు.

శుక్రవారం తెల్లారేసరికి సూదులవాళ్లు ఊరిని చుట్టుముట్టారు. బావుల్లో బ్లీచింగు పొడి చల్లి, చనిపోయినవాళ్ల జాబితా చదవడం మొదలుపెట్టారు.

"దావీదు?"

"నేనే," అన్నాడు దావీదు, పడవ దిగి వస్తూ.

"నువ్వు చచ్చినావని మీవాడు రాసినాడే."

"పొద్దున సద్ది తినేటప్పుడు గూడా నాకు చెప్పలేదయ్యా."

జాబితాలో పేరుంది కాబట్టి దావీదుకు రెండు సూదులు పొడిచారు.

మధ్యాహ్నానికి చచ్చిన తండ్రులందరూ వాచిన జబ్బలు పట్టుకుని హెడ్మాస్టరు గది ముందు నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు. గేటు దగ్గరే ఆయనకూ ఒక సూది పడింది. ఇక ఒకటో తరగతే గతి అనుకున్నాడు సంజీవరావు.

ఇన్‌స్పెక్టరు జబ్బ రుద్దుకుంటూ సూదులవాళ్ల దగ్గరున్న దరఖాస్తులు తెప్పించి, ఒక్కటీ వదలకుండా చూశాడు.

"ఎవరు నేర్పినారు ఇది?"

"నేనే సార్. తప్పయిపోయింది."

"తప్పేందయ్యా? ఇరవై బళ్లు తిరిగినా. ఒక్కో పిల్లోడు ఒక్కో రకంగా సొంత బుద్ధితో రాసి నా ప్రాణం తీసినారు. ఈడ ముప్పై ఎనిమిదీ ఒకటే. స్టాండర్డంటే ఇదీ."

"మరి బయట తండ్రులు..." అని సంజీవరావు నసిగాడు.

"పరీక్ష పిల్లోళ్లకు. తండ్రులకు కాదు గదా."

సంజీవరావు పదవి ఖాయమైంది. ఆయన దరఖాస్తును అచ్చువేసి జిల్లాలోని అన్ని బళ్లకూ పంపారు.

ఆ నెలాఖరులోగా నెల్లూరు జిల్లాలో నాలుగు వేల మంది తండ్రులు హఠాత్తుగా కాలధర్మం చెందారు.