పుర్రె బోర్డు

ఆ శనివారం పొద్దున్న కామేష్ పెట్టుకున్న పని చాలా చిన్నది. సాయంత్రం రాయగడ వర్తక సంఘం హాల్లో తన రాక్ బృందం సొంత పాటలు పాడాలి, పేట జనం వినాలి. తండ్రి కన్నారావు చింతపండు టోకు వ్యాపారి. సరుకు కోసం గుడారి బస్సెక్కబోతూ గుమ్మంలో ఆగాడు.

“జనం సివరిదాకా కూకుంటే గిటారు నీది. మద్దెలో లేసిపోయేరా, రేపట్నుంచి కొట్లో కూకుంటావు. అంతే.”

వరండాలో చెల్లెలు నాగశ్రీ బోర్డు వేయడానికి రంగులు కలుపుతోంది. “పుర్రె ఉండాలమ్మి. పుర్రె లేందే రాక్ ఏటి?” అని కామేష్ చెప్పాడు. ఆమె చూసిన పుర్రె ఒక్కటే, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నది. వెళ్ళి దాని ముందు ఓపిగ్గా నిలబడింది. నూనె డబ్బా రేకు చదును చేసి, పసుపు పూసి, ఎర్రటి పుర్రె, రెండెముకలు, పక్కన మెరుపు, ఏదీ వదలకుండా వేసింది. అడుగున బృందం పేరు ఇంగ్లీషులో రాసింది. అక్కడ కట్టినట్టే తీగతో హాలు తలుపుకి కట్టింది.

మధ్యాహ్నానికి జనం ఆ తలుపుకి ఎడంగా నడవసాగారు. పక్కింటి బుల్లమ్మ తన మేకను ఇవతలికి లాక్కుంది.

“ఏటమ్మి, హాలుకి కరెంటు పాకీసిందేటి?”

“లేదు పెద్దమ్మా. అన్నయ్య పాటలు.”

“పాటలకి పుర్రెందుకే?”

నాగశ్రీ ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూసింది. బుల్లమ్మకి అదే సాక్ష్యం. లైన్‌మన్ సాయిరాంకి కబురు వెళ్ళింది.

సాయిరాం సైకిలు దిగి బోర్డు చూశాడు. “మా బోర్డే. నాకు సెప్పకుండా ఎవుడు కట్టేడు?”

“నేనే వేశాను,” అంది నాగశ్రీ.

అతను బోర్డునీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. “ఇంత బాగా నువ్వేసేవా? ఊరుకో అమ్మీ.” వీధి మొత్తానికి కరెంటు తీసేసి, పై అధికారి వచ్చి చూసేదాకా ఇవ్వనని వెళ్ళిపోయాడు.

పిండి మిల్లు ఆగింది. జనం వీధిలోకి వచ్చారు. హాలుకి పాకిన కరెంటు, కబురు వీధి మలుపు తిరిగేసరికి కామేష్‌కి కొట్టింది. ఆ కబురు బజారు చేరేసరికి కుర్రాడి మీద ఆశ లేదు.

పొద్దు వాలగానే జనం పరామర్శకు హాలుకి బయలుదేరారు. చెప్పులు బయట విడిచి, తలలు వంచుకుని లోపలికొచ్చి, ఆడవాళ్ళొక వైపు మగవాళ్ళొక వైపు నేల మీద కూర్చున్నారు. పెట్రోమాక్సు వెలుగులో కామేష్ నిలబడే ఉన్నాడు. హమ్మయ్య అనుకునేలోపు అతని జుట్టు కనిపించింది. కచేరీ కోసం దాన్ని సబ్బు నురగతో నిక్కబొడిపించుకున్నాడు.

“ఓలమ్మో, జుత్తు సూడే!” అని బుల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాగశ్రీకి అంతా అర్థమైంది. తను నోరు విప్పితే వీళ్ళు లేస్తారు. వీళ్ళు లేస్తే అన్న కొట్లో కూర్చుంటాడు. ఆమె వెళ్ళి ఆడవాళ్ళ వైపు తల వంచుకుని కూర్చుంది.

కరెంటు లేక గిటారు దోమలా మూలిగింది. ఆ లోటు కామేష్ గొంతుతో తీర్చాడు. అతను అరిచినప్పుడల్లా ఆడవాళ్ళు నిట్టూర్చారు. ఎవరూ కదల్లేదు. ఇంటి పెద్ద రాకుండా పరామర్శ నుంచి లేచిపోవడం మర్యాద కాదు. పాటల మధ్య కాస్త విరామం దొరికితే బుల్లమ్మ వెళ్ళి కామేష్ తల నిమిరింది.

“తగ్గిందా నాయినా?”

“ఇంకా రెండున్నాయి పెద్దమ్మా.”

“అయ్యో,” అని వచ్చి మళ్ళీ కూర్చుంది.

బస్సు దిగగానే కబురు విన్న కన్నారావు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలో నిలబడి, వేదిక మీద ఎగురుతున్న కొడుకుని చూశాడు. అతని ముఖంలోకి ముందు ప్రాణం, తర్వాత కోపం రావడం నాగశ్రీ చూసింది. ఆపైన అతని చూపు జనం మీద పడింది. చివరి పాట ముగిసేదాకా ఒక్కరూ లేవలేదు. పొద్దున్న తనన్న మాట అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

పాట ఆగింది. సెలవు కోసం జనం అతని వైపు తిరిగారు. కన్నారావు చేతులు జోడించాడు.

“గిటారు నీదేరా,” అన్నాడు బొంగురుగా.

పెద్దలు అతని భుజం తట్టి, ధైర్యం చెప్పి వెళ్ళారు.

నెల తర్వాత కామేష్ పుర్రె లేని బోర్డుతో రెండో కచేరీ పెట్టాడు. కరెంటు నిండుగా ఉంది. నాగశ్రీ ఒక్కతే చివరిదాకా కూర్చుంది.