ఇరవై ఏడో నంబరు గైర్హాజరు

రిటైరైన హెడ్ గుమాస్తా ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నది: తొమ్మిదికల్లా కాలేజీకి చేరడం, చివరి బెంచీలో కూర్చోవడం, పాఠం వినడం. భార్య పోయాక బాల్కనీలో ఆమె కుండీలు పదకొండు మిగిలాయి. వాటిలో ఏది ఏ మొక్కో తెలుసుకోబోయి, అరవై రెండో ఏట ఆయన వృక్షశాస్త్రం మీద మనసు పారేసుకున్నాడు.

"మామయ్యగారూ, మొదటిరోజు రాకపోతే సీటు తీసేస్తారట. దారిలో చెట్లు చూస్తూ నిలబడిపోకండి," అంటూ కోడలు ఇస్త్రీ చొక్కా అందించింది.

"ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో హాజరుపట్టీ రాసినవాణ్ణమ్మా. నాకా చెబుతున్నావు?"

ఆ చొక్కాయే కొంప ముంచింది. ఆయన గదిలో అడుగు పెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. "కూర్చోండి బాబూ, కూర్చోండి," అన్నాడు మొహమాటంగా. విద్యార్థి అన్నవాడెవడూ అనని మాట అది.

వెనకాలే అటెండరు రిజిస్టరుతో పరిగెత్తుకొచ్చాడు. "అమ్మయ్య, వచ్చారా సార్! కొత్త లెక్చరరు రాలేదని ప్రిన్సిపాల్ గారు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు."

"నేను లెక్చరర్ని కాదు బాబూ..."

"మొదట్లో అందరూ అలాగే అంటారు సార్. ముందు హాజరు వేసెయ్యండి."

ఖాళీ గడుల రిజిస్టరు కళ్ళబడ్డాక ఆయన చెయ్యి ఆయన మాట వినలేదు. కలం తీసి నంబర్లు పిలిచాడు. ఇరవై ఏడు దగ్గర ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాక గుర్తొచ్చింది, ఆ నంబరు తనదే. కానీ రిజిస్టరు రాసేవాడు తన హాజరు తనే వేసుకోవడం, సర్వీసు మొత్తంలో ఆయన క్షమించని నేరం. గైర్హాజరు వేసి, కింద సంతకం చేశాడు.

"ఇరవై ఏడు ఎవరు సార్?" అంది ముందు బెంచీ అమ్మాయి.

"ఎవరో బాధ్యత లేని మనిషమ్మా."

ఇక పాఠం. గత్యంతరం లేక కిటికీ బయటి కొమ్మ చూపించి, "అదేం చెట్టో మీరే చెప్పండి," అన్నాడు. నలుగురు నాలుగు పేర్లు చెప్పి కీచులాడుకున్నారు. తేల్చుకోవడానికి తరగతంతా చెట్టు కిందికి చేరింది. గంట కొట్టినా ఎవరూ కదలలేదు.

మధ్యాహ్నానికి జాబితాలో ఇరవై ఏడో నంబరు కొట్టేశారు. ఆయన ప్రిన్సిపాల్ గదికి పరిగెత్తాడు.

"అయ్యా, ఆ ఇరవై ఏడు నేనే. పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నాను."

"గైర్హాజరని ఉందే?"

"అది నేనే వేశాను."

"ఇంకేం! లెక్చరరు సంతకం చేసింది నేను దిద్దకూడదు."

"నేను లెక్చరర్ని కాదు మహాప్రభో!"

"సీటు పోయిందంటే పోయింది. లెక్చరరు కుర్చీ మాత్రం రెండేళ్ళుగా ఖాళీ. కొత్తాయన రానని ఇందాకే కబురంపాడు. మీరు చేరిపోండి."

"నాకు ఒక్క ముక్క రాదండీ. నేర్చుకుందామని వచ్చాను."

"పాతాయనకూ రాదు. పైగా నేర్చుకుందామని కూడా ఉండేది కాదు."

ఆ కాలేజీలో చదువుకోవాలంటే హాజరు తప్పనిసరి కాబట్టి, అది లేని ఆయన మర్నాటి నుంచి పాఠాలు చెప్పాడు.