ఒకే పళ్లెంలో బొబ్బట్టూ గారె

నూకరత్నానికి అన్నిటికన్నా పెద్ద భయం, పాప మంచం మీంచి పడిపోతుందని. అందుకే పాపకి ఐదో నెలలో ఒకరోజు నుదుటి మీద విమానంలోలాగా ఎత్తు, వేగం, ఒరుగు మూడూ అంకెల్లో వెలిగితే, తడిగుడ్డతో ఓసారి తుడిచి చూసింది. పోలేదు. మంచిదే అనుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది. వేగం సున్నా అని కనిపిస్తున్నంతసేపూ నిదానంగా గంజి వార్చుకోవచ్చు.

మూడోవారం నోటీసు వచ్చింది. పైలట్ల ముందుండే తెరలు తయారుచేసే కంపెనీ పంపింది. మూడు అంకెలూ ఒకేచోట చూపించడం తాము కనిపెట్టిందనీ, పేటెంటు ఉందనీ, పాప నుదురు వెంటనే ఆపించాలనీ.

పేటెంటు తగువులు తీర్చే ఆఫీసులో విచారణ పెట్టారు. అక్కడ రూలు ఒకటే: ఎవరికైనా ఇట్టే తట్టే సంగతైతే అది కనిపెట్టినట్టు కాదు. సాక్ష్యానికి అత్తగారు పైడమ్మ వచ్చింది.

"పిల్ల బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం. గడప దాటితే గారెలు. వీధందరికీ తెలుస్తాది. ఇందులో కొత్తేటుంది బాబూ?"

ఒరుగుకి బొబ్బట్లు, కదలికకి గారెలు, రెండూ పాతవే అని అధికారి రాసుకున్నాడు.

కంపెనీ లాయరు లేచాడు. "రెండూ ఒకేరోజు, ఒకే పళ్లెంలో ఎప్పుడైనా పంచారా అమ్మా?"

"ఒకేరోజా? పొయ్యికాడ నువ్వు నిలబడతావేటి?"

"చూశారా, ఎవరికీ తట్టలేదు," అన్నాడు లాయరు. అధికారి అదీ రాసుకున్నాడు.

నూకరత్నం చెయ్యెత్తింది. "నేను మూడూ ఒకేసారి చూస్తానండి. ఎంతెత్తున ఉంది, ఎటు దొర్లుతోంది, ఎంత జోరుగా అని. కూర కలుపుతూ కూడా చూస్తాను. ఏ తల్లైనా అంతే."

"ఎక్కడైనా రాసిపెట్టారా?" అన్నాడు అధికారి.

"చేతులు ఖాళీ ఉంటే కదండీ."

నలభై ఒక్క పేజీల తీర్పు వచ్చింది. రాసి లేదు కనక తల్లి చూపు లెక్కలోకి రాదు. తెర మీదికొచ్చాక మాత్రం అది కంపెనీ తెలివి. అంకెలు కనపడకుండా పాప నుదుటి నిండా దిష్టిచుక్క పెట్టాలి. తల్లి మునుపటిలాగే కళ్లతో చూసుకోవచ్చు, అభ్యంతరం లేదు.

పైడమ్మ కాటుక దిద్దుతూ, "ముందే పెడితే ఈ దిష్టే తగలకపోను," అని కోడలిని దెప్పింది.

చుక్క చెదరలేదని ప్రతి సోమవారం పదిన్నరకి నూకరత్నం ఆఫీసుకొచ్చి సంతకం పెట్టాలి. పాపని లోపలికి రానివ్వరు. పైడమ్మ చేపలమ్మడానికి వెళ్లే వేళ అది. నూకరత్నం పాపకి రెండువైపులా దిళ్లు పెట్టి, వేళకే వెళ్తోంది.

సోమవారం పూట మీరు గాజువాక వైపు వస్తే, రేషన్ షాపు వెనక నీలం తలుపు. ఊరికే చేరవేసి ఉంటుంది. పాప మంచం మధ్యలోనే ఉందేమో ఒక్కసారి తొంగిచూడండి.