మరక పడుతుంది, లేవండి

సోఫా మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద ప్లాస్టిక్ కప్పి, ప్లాస్టిక్ మాసిపోతుందని దాని మీద మళ్ళీ దుప్పటి పరిచిన పెద్దమనుషులారా! ఈ లోకం ఇలా తగలడిందంటే అది మీ వల్లే. తప్పించుకోకండి. ఆ దుప్పటి మీద కూడా కూర్చోనివ్వకుండా, "కింద చల్లగా ఉంటుంది, హాయిగా కూర్చో" అని ఇంట్లో పనిచేసే మనిషికి నేల చూపించింది మీరే. మీ అందరి మీదా నేరం మోపుతున్నాను. మోపే అర్హత నాకుంది. ఈ విద్యలో మీకంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాణ్ణి నేను.

నేను దుకాణ కార్మికుల సంఘం అధ్యక్షుణ్ణి. బడి నాకు అచ్చిరాలేదు. గోడల మీద నినాదాలు రాస్తూ అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఏది రాసినా చివర ఆశ్చర్యార్థకం పడిపోతుంది. ఇక్కడ వీలైనంత బిగబట్టాను.

ఊళ్ళో ఒక సోఫాల దుకాణం ఉంది. అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళితే కనుచూపు మేర అంతా కూర్చునే సరుకే. ఒంటి సోఫాలు, జంట సోఫాలు, మూల తిరిగే సోఫాలు, మీట నొక్కితే కాళ్ళ కింద బల్ల లేచే సోఫాలు. వీటి మధ్య పనిచేసే ఆడవాళ్ళు మాత్రం తలుపు తీసిన దగ్గర్నుంచి షట్టర్ దించేదాకా నిలబడే ఉండాలి. ఇది అక్కడి నియమం. కారణం కూడా ఉంది. కూర్చుంటే మరక పడుతుంది. చెమట మరక, తలనూనె మరక, ఇంకా బతికున్న మనిషికి ఉండే నానా రకాల మరకలు. సోఫాకు మనిషిని మించిన శత్రువు లేదని యజమాని సిద్ధాంతం.

అక్కడ మరకలు తుడిచే పని పెద్దక్కది. వయసులో అందరికన్నా పెద్దది కాబట్టి నాతో సహా అందరికీ ఆవిడ పెద్దక్కే. కొనడానికొచ్చిన వాళ్ళ పిల్లలు ఐస్‌క్రీం పూసి పోతే వంగి తుడవాలి, కుట్ల సందుల్లో దుమ్ము లాగాలి. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టవు. ఒకరోజు బేరం జోరుగా సాగుతుండగా కళ్ళు తిరిగి పడిపోయింది. చేతికందే దూరంలో సోఫా ఉన్నా దాని మీద పడకుండా జాగ్రత్తగా నేల మీదే పడింది. స్పృహ తప్పినా క్రమశిక్షణ తప్పలేదని యజమాని అందరి ముందూ మెచ్చుకున్నాడు.

ఆ మెచ్చుకోలు చెవిన పడగానే నాకు ఒళ్ళు మండింది. సమ్మె కట్టించాను. "కూర్చోనివ్వు, లేదా నువ్వూ నిలబడు!" అన్న నినాదం నాదే. కూర్చునే హక్కు కోసం అందరం దుకాణం ముందు రోడ్డు మీద బైఠాయించాం. పనివేళల్లో పెద్దక్క అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి. సమ్మె అంత తొందరగా ముగియడం ఆవిడకు ఇష్టం లేదేమోనని నాకిప్పటికీ అనుమానం.

యజమాని దిగొచ్చాడు. అమ్ముడుపోకుండా మూలబడ్డ ఒక మీగడరంగు సోఫా ఇచ్చాడు. దాన్ని దుకాణం వెనక గదిలో వేస్తారు, ఆడవాళ్ళు వంతులవారీగా కూర్చుంటారు. ఒప్పందం ఇంతే. ఇంత తేలిగ్గా ముగిసే విషయాన్ని చరిత్రాత్మకం చెయ్యాల్సిన బాధ్యత మా కార్యవర్గం మీద పడింది.

ముందుగా ప్రారంభోత్సవం జరగాలన్నాం. వెనక గదిలో దుమ్ముంది, కాబట్టి సోఫాను తాత్కాలికంగా సంఘం ఆఫీసుకు తరలించాం. రిబ్బను కట్టాం. నేను ఉపన్యసించాను.

"సోదరీమణులారా! దీన్ని సోఫా అనుకునేరు! ఇది మన చెమట! ఇది మన రక్తం!" అని టీ గ్లాసున్న చెయ్యి గాల్లోకి విసిరాను. చెమటా రక్తమూ ఎక్కడున్నాయో గానీ, టీ మాత్రం సరిగ్గా సోఫా నడిమధ్యన పడింది.

సభ కొయ్యబారిపోయింది. ముందు వరసలో నిలబడ్డ పెద్దక్క ఒక్కతే మామూలుగా అంది. "దాని మీద కూర్చుంటే మరక కనపడదుగా తమ్ముడూ."

ఈ బాధ్యతారహితమైన సూచనను తోసిపుచ్చి విచారణ సంఘం వేశాం. నిష్పాక్షికంగా ఉండాలని దానికీ నన్నే అధ్యక్షుణ్ణి చేశారు. సాక్షుల్ని పిలిచాను, గ్లాసును పరిశీలించాను, నన్ను నేను సూటిగా ప్రశ్నించుకున్నాను. సభలో క్రమశిక్షణ కొరవడినందువల్ల మరక తనంతట తానే పడిందని తేల్చాను. సభ్యులు క్రమశిక్షణ నేర్చుకునేదాకా సోఫా మీద ఎవరూ కూర్చోరాదని కూడా సిఫారసు చేశాను.

తర్వాత మరక మీద యుద్ధం. కోశాధికారి ఉప్పూ నిమ్మరసమూ పోసి, రుచి చూడబోయి మానుకున్నాడు. కార్యదర్శి టూత్‌పేస్టుతో తోమాడు. సోఫా పళ్ళు మెరిశాయి గానీ మరక కదల్లేదు. నాది వేడి నెత్తురు. మరిగే నీళ్ళు తెచ్చి కుమ్మరించాను. గుడ్డ మీదున్న టీ కడుపులోని స్పాంజిదాకా ఇంకింది. అప్పుడు ముగ్గురం కలిసి ఒకే చోట బట్టల సబ్బు పెట్టి, బ్రష్షు అరిగేలా రుద్దాం. మరక పోయింది! దాని చోట పళ్ళెమంత తెల్లటి గుండ్రం తేలింది. దుకాణంలో ఏళ్ళ తరబడి దుమ్ము తాగిన సోఫాలో శుభ్రమైనది ఆ ఒక్క చోటే.

నాకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికొచ్చిన మా ఆవిడ అది చూసి నోరు నొక్కుకుంది. "అయ్యయ్యో, అక్కడేం ఒలికిందండీ?"

"ఏమీ ఒలకలేదు. శుభ్రం చేశాం."

"శుభ్రం చేస్తే మచ్చ పడుతుందా? ఇంట్లో తిన్న కంచం తియ్యరు, ఊళ్ళో వాళ్ళ సోఫాలు కడగడానికి బయల్దేరారు!"

ఇంటి విషయాలు సంఘంలో చర్చించరాదని నియమం. అయినా మచ్చ సంగతి నిజమే. ఎటు నుంచి చూసినా కన్ను ఆ తెల్లదనం మీదికే పోతోంది. వచ్చినవాళ్ళందరికీ శుభ్రంగా ఉన్నందుకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది. కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. సోఫా మొత్తం తెల్లబరచడమా, ఆ ఒక్క చోటునీ మిగతాదానితో సమానం చెయ్యడమా? మొదటిదానికి ఒళ్ళు వంచాలి. రెండోదానికి సిద్ధాంతబలం ఉంది, సమానత్వం మా మూలసూత్రం. గుమ్మం దగ్గర దుమ్ము ఎత్తుకొచ్చి ఆ గుండ్రం మీద అద్దాం. ఏకగ్రీవం.

ఇంత కష్టపడి మాపిన సోఫా మళ్ళీ మాసిపోకూడదు కదా! గుడ్డ కప్పాం. గుడ్డ మీద ప్లాస్టిక్. ప్లాస్టిక్ మీద మా ఇంటి దుప్పటి. ఇన్ని కప్పాక కాపలా లేకపోతే ఎలా? అనుభవజ్ఞులు కావాలి. నిలబడటంలో పెద్దక్కను మించిన అనుభవం ఎవరికుంది? దుకాణం కట్టేశాక వచ్చి, ఆఫీసు మూసేదాకా సోఫా పక్కన నిలబడాలని తీర్మానించాం.

"కూర్చునే రోజు కూడా వస్తుందక్కా," అన్నాను. "అందాకా కాస్త నిలబడి చూసుకో."

ఆవిడ పాదాల వైపు చూసుకుని, "పర్లేదు తమ్ముడూ," అంది.

ఈ 'పర్లేదు' మీదే మా సంఘం నడుస్తోంది. మా సంఘమే ఏమిటి, మీ ఇల్లు కూడా. నొప్పిగా ఉంది, చెప్పినా నువ్వు వినవని తెలుసు, ఎందుకొచ్చిన గొడవ అని ఆ మాటకు అర్థం. మేం మాత్రం దాన్ని అంగీకారం కింద జమకట్టుకుని ముందుకు సాగిపోతాం. అక్కడ దుకాణంలో మిగతా ఆడవాళ్ళు నిలబడే అమ్ముతున్నారు. "సోఫా ఎప్పుడు పంపిస్తావన్నా?" అని అడిగితే, చరిత్రను తొందరపెట్టకండమ్మా అనేవాణ్ణి. ఎంత గొప్ప మాట! నాకే ముచ్చటేసేది.

చివరికి ఆ సోఫాకు గిరాకీ వచ్చింది. ఒప్పందం అమలు ఎంతవరకొచ్చిందో కనుక్కుందామని యజమాని మా ఆఫీసుకు వచ్చాడు. వచ్చినాయన్ని నిలబెడతామా? దుప్పటి లాగాం, ప్లాస్టిక్ లాగాం, గుడ్డ లాగాం. ఆయన కూర్చుని తల వెనక్కి వాల్చాడు. లేచాక చూస్తే తల ఆనిన చోట అరచేయంత నూనె జిడ్డు నిగనిగలాడుతోంది. దాన్ని మేమెవ్వరం మరక అనలేదు. చర్చల్లో పురోగతి అన్నాం.

పోతూ పోతూ ఆయన పెద్దక్కను చూశాడు. "ఇక్కడ కూడా నిలబడే ఉందే! శభాష్. మా దగ్గర నేర్పిన అలవాటు మీరు చెడగొట్టలేదు."

వీధి దాకా వెళ్ళి సాగనంపి వచ్చాను. వచ్చేసరికి పెద్దక్క సోఫాలో ఉంది.

అంచున కూడా కాదు, నడిమధ్యన కూర్చుంది. చెప్పులు విడిచి, ఉబ్బిన కాళ్ళు రెండూ నా టీ బల్ల మీద చాపుకుంది. రోజంతా సోఫాలు తుడిచిన తడి కొంగు పక్కనే కుప్పగా పడి ఉంది. మీగడరంగు గుడ్డ మీద ఆ తడి మెల్లగా పాకుతోంది.

నా నోట్లోంచి మాట దూకేసింది. "అక్కా! మరక పడుతుంది, లే!"

అన్నాక ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది. ఆ యజమాని ఇంకా వీధి మలుపు కూడా దాటలేదు.

పెద్దక్క కళ్ళు తెరవలేదు. కొంగు పడ్డ చోట అరచేత్తో ఒకసారి తట్టి, "పర్లేదు తమ్ముడూ," అంది. అదే మాట, కానీ ఈసారి దాన్ని ఏ ఖాతాలో జమకట్టాలో మాకు తెలియలేదు. "ఇంకేమైనా చెప్పేదుంటే నిలబడి చెప్పు, వింటా."

కోశాధికారి నా వైపు చూశాడు. కార్యదర్శి గోడ మీద రాసున్న నా సమ్మె నినాదం వైపు చూశాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఇక తక్షణం జరగాల్సింది ఇది. మా సోఫా రేపు దుకాణం వెనక గదికి చేరాలి. కప్పింది ఏదీ దాంతో వెళ్ళకూడదు. మా దుప్పటి మా ఇంటికి రావాలి, లేకపోతే నన్ను ఇంట్లోకి రానివ్వరు. మీ ఇళ్ళలో సోఫాల మీద కప్పినవన్నీ ఇప్పుడే లాగి పారెయ్యండి. మీ ఇంట్లో గోడకు ఆనుకుని ఒకరు నిలబడి ఉంటారు, పిలవండి. "పర్లేదండీ" అంటారు. ఒప్పుకోకండి. మరక పడితే పడనివ్వండి.

ఇదంతా మీరు మెత్తగా జారబడి చదువుతున్నారని నాకు తెలుసు. ముందు మీరు లేవండి!